రాత్రి రెండింటికి పారే నీళ్లు ఎవరివి? పైపులైన్లని జోన్లుగా విడగొట్టడం వెనక అసలు లెక్క

రాత్రి రెండు దాటాక ఊరంతా పడుకుంటుంది. స్నానాల్లేవు, అంట్లు తోమడాల్లేవు, వాషింగ్ మెషీన్లు తిరగవు, ఎవరో ఒకళ్లు లేచి బాత్రూమ్‌కి వెళ్తే ఒక ఫ్లష్, అంతే. అయినా మెయిన్ లైన్‌లో నీళ్లు పారుతూనే ఉంటాయి. వాడేవాళ్లే లేనప్పుడు పారుతున్నాయంటే అవి మట్టిలోకి పోతున్నట్టే కదా. లీకేజీ పట్టుకునే విద్య మొత్తం ఈ ఒక్క పాయింట్ మీదే నిలబడి ఉంది, మిగతావన్నీ దాని చుట్టూ కట్టిన హంగులే.

అయితే ఈ సంగతి ఊరు మొత్తానికి ఒకే మీటర్ పెట్టి చూస్తే కనపడదు. లక్షల ఇళ్లున్న ఊళ్లో రాత్రి పారే నీళ్లలో ఎంతో కొంత నిజంగానే ఎవరో వాడుతుంటారు, హాస్పిటళ్లు, హాస్టళ్లు, నైట్ షిఫ్టులు, హోటళ్లు, అన్నీ ఉంటాయి. అందులో ఒక సందులో పైపు పగిలి కారుతున్న నీళ్లు ఎంత అంటే ఆ పెద్ద నంబర్లో కలిసిపోతాయి, సంతలో చంటిపిల్లాడి ఏడుపులాగా. అందుకే ఊరిని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి నీళ్లు వచ్చే దారి ఒక్కటే ఉంచి, ఆ దారిలో మీటర్ పెడతారు. మిగతా దారులన్నీ వాల్వులతో మూసేస్తారు. దీన్ని డిస్ట్రిక్ట్ మీటర్డ్ ఏరియా అంటారు, షార్ట్‌గా డీఎంఏ. డిస్ట్రిక్ట్ అనగానే మనకి జిల్లా, కలెక్టరు గుర్తొస్తారు, పైగా మన మున్సిపల్ ఆఫీసుల్లో డీఎంఏ అంటే మున్సిపల్ అడ్మినిస్ట్రేషన్ డైరెక్టర్ అన్న అర్థం ముందునుంచే ఉంది, కాబట్టి కన్ఫ్యూజ్ అవ్వకుండా ఇక్కడ జోన్ అనే అనుకుందాం. ఒక పేట, ఒక కాలనీ సైజు.

ఎంత సైజు అంటే సాధారణంగా 500 నుంచి 3000 కనెక్షన్లు. అంతకన్నా చిన్నగా కోస్తే మీటర్లకి, ఛాంబర్లకి, వాల్వులకి ఖర్చు తడిసి మోపెడవుతుంది. 5000 దాటితే మళ్లీ పాత కథే, కొత్తగా ఒక పైపు పగిలినా మీటర్లో తేడా తెలియదు.

ఈ పద్ధతి పుట్టింది బ్రిటన్‌లో. 1980లో అక్కడి వాటర్ అథారిటీలు లీకేజీ కంట్రోల్ మీద ఒక పెద్ద రిపోర్ట్ వేశాయి, ఆ తర్వాత పదిహేను ఇరవై ఏళ్లలో ఆ దేశంలో లైన్లు చాలావరకు ఇలా ముక్కలైపోయాయి.

లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం, ఊహించుకున్న జోన్ అనుకోండి. 1000 ఇళ్లు, ఇంటికి సుమారు నాలుగున్నర మంది చొప్పున 4500 మంది. అర్ధరాత్రి గంటలో నూటికి ఆరుగురు లేచి తలా 10 లీటర్లు వాడతారని ఇంజనీర్లు ఒక మోటు లెక్క వేసుకుంటారు. అంటే 270 మంది, 2700 లీటర్లు. కానీ రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య మీటర్ గంటకి 12,000 లీటర్లు చూపిస్తోంది. తేడా 9300 లీటర్లు. ఇది వాడకం కాదు, కారిపోవడం. దీన్ని 24తో గుణించేస్తే తప్పు, ఎందుకంటే రాత్రి ఎవరూ వాడరు కాబట్టి పైపులో ప్రెజర్ ఎక్కువ ఉంటుంది, ప్రెజర్ ఎక్కువ ఉంటే చిల్లులోంచి కారేది కూడా ఎక్కువే, పగలు అంత కారదు. అందుకని దాదాపు 20తో గుణిస్తారు. అలా చూసినా రోజుకి 1,86,000 లీటర్లు, అంటే 5000 లీటర్ల ట్యాంకర్లు 37. ఒక్క పేటలో, రోజూ, ఎవరికీ కనపడకుండా.

ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఒకటుంది. లీకేజీ అనగానే రోడ్డు మీద ఫౌంటెన్‌లా ఎగజిమ్మే పైపు, దాని చుట్టూ సెల్‌ఫోన్లతో వీడియో తీసే జనం గుర్తొస్తారు. నిజానికి ఆ పైపు వల్ల పోయేది తక్కువే, ఎందుకంటే అది అందరికీ కనపడుతుంది, కంప్లైంట్లు వెళ్తాయి, సాయంత్రానికల్లా ఎవరో ఒకళ్లు వచ్చి కట్టేస్తారు. రోజుకి 5 లక్షల లీటర్లు పోయే పైపు ఒక్క రోజులో బాగైతే నష్టం 5 లక్షలు. అదే ఇంటి కనెక్షన్ దగ్గర, మెయిన్ పైపుకి ఇంటి పైపుని కలిపే ఫెరూల్ పక్కన, 6 మిల్లీమీటర్ల చిల్లు ఉందనుకోండి, పెన్సిల్ మందం కూడా ఉండదది. 20 మీటర్ల ప్రెజర్ దగ్గర, అంటే నీళ్లు 20 మీటర్ల ఎత్తుకి ఎక్కగలిగే ఒత్తిడి దగ్గర, దాంట్లోంచి రోజుకి సుమారు 29,000 లీటర్లు కారతాయి. పైకి రాదు, పక్కనున్న డ్రైనేజీలోకి జారిపోతుంది. వంద రోజులు ఎవరూ చూడకపోతే 29 లక్షల లీటర్లు. కాబట్టి లీక్ ఎంత పెద్దది అన్నదానికన్నా ఎన్నాళ్ల నుంచి కారుతోంది అన్నది ముఖ్యం, జోన్ మీటర్ చేసే పని ఈ రోజుల్ని తగ్గించడమే. నిన్న రాత్రి 12,000 ఉన్నది ఇవాళ రాత్రి 13,200 అయిందంటే ఎక్కడో కొత్త చిల్లు పడింది, రేపు ఆ పేటకి మనిషిని పంపాలి, మిగతా పేటల వైపు చూడక్కర్లేదు.

పంపిన మనిషి ఎలా వెతుకుతాడంటే, జోన్ లోపలి వాల్వులు రాత్రి పూట ఒక్కొక్కటే మూసుకుంటూ పోతాడు, ఏ వీధి మూసినప్పుడు మీటర్ ధభాల్న పడిపోయిందో ఆ వీధిలో ఉన్నట్టు. ఆ తర్వాత ఒక చివర పైపుకి ఆనించి ఇంకో చివర చెవికి పెట్టుకునే కడ్డీతో వింటాడు. చిల్లులోంచి కారే నీళ్లు బుస్సుమని ఒక సన్నటి సౌండ్ చేస్తాయి. ఇప్పుడు ఎలక్ట్రానిక్ పరికరాలొచ్చాయి, రెండు చోట్ల మైకులు పెట్టి సౌండ్ ఏ మైకుకి ఎంత ముందు చేరిందో చూసి దూరం లెక్కగడతాయి. ప్లాస్టిక్ పైపుల్లో మాత్రం సౌండ్ ఎక్కువ దూరం పోదు, అక్కడ తిప్పలే.

ఇదే మీటర్‌తో ఇంకో పని కూడా అవుతుంది, దీన్ని జనం పెద్దగా పట్టించుకోరు కానీ డబ్బుల పరంగా ఇది చాలా ముఖ్యం. లోపలికి వచ్చిన నీళ్లకీ, బిల్లు అయిన నీళ్లకీ మధ్య ఉన్న తేడాని నాన్ రెవెన్యూ వాటర్ అంటారు, అందులో లీకేజీ ఉంటుంది, దొంగ కనెక్షన్లు ఉంటాయి, తిరగని మీటర్లు ఉంటాయి, అన్నీ కలగాపులగం. జోన్ ఉంటే వీటిని విడదియ్యొచ్చు. నెల మొత్తం మీద తేడా భారీగా ఉంది, కానీ రాత్రి నంబర్ మాత్రం తక్కువే అంటే అక్కడ పైపులు బాగానే ఉన్నాయి, పగలు ఎవరో బిల్లు లేకుండా వాడుతున్నారు. అప్పుడు రోడ్డు తవ్వడం దండగ, కనెక్షన్లు సర్వే చెయ్యాలి. రాత్రి నంబరే ఎక్కువుంటే మాత్రం గునపం తియ్యాల్సిందే.

ప్రెజర్ సంగతి కూడా ఇందులోనే. పాత లైన్లలో సగటున ప్రెజర్ పది శాతం తగ్గిస్తే లీకేజీ కూడా దాదాపు పది శాతం తగ్గుతుంది, కొత్తగా పైపులు పగలడం కూడా తగ్గుతుంది. మన దగ్గర చాలా ఏళ్లు నడిచిన కేంద్ర ప్రమాణం ప్రకారం ఒక అంతస్తు ఇళ్లకి 7 మీటర్లు, రెండంతస్తులకి 12, మూడింటికి 17 మీటర్ల ప్రెజర్ సరిపోయేది. కానీ గుట్ట మీద ఉన్న కాలనీకి నీళ్లు ఎక్కాలని ఊరంతటికీ ఒకే ప్రెజర్ ఇస్తే పల్లంలో ఉన్నవాళ్ల పైపులు ఉబ్బి పగులుతుంటాయి. జోన్లు విడిగా ఉంటే పల్లం జోన్‌కి ఎంట్రన్స్‌లోనే ప్రెజర్ తగ్గించే వాల్వు పెట్టెయ్యొచ్చు. హైదరాబాద్, విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లకి ఇదొక్కటే చాలు జోన్లు చెయ్యడానికి.

ఇంతవరకు చదివితే సింపుల్‌గానే ఉందనిపిస్తుంది, వాల్వులు మూసెయ్, మీటర్ పెట్టు, రాత్రి నంబర్ చూడు. అసలు గొడవంతా ఆ మొదటి ముక్కలోనే ఉంది. ఏ వాల్వు ఎక్కడుందో ఎవడికి తెలుసు? డ్రాయింగ్‌లో ఒకటుంటుంది, రోడ్డు కింద ఇంకోటుంటుంది. మూడుసార్లు బీటీ రోడ్డు వేశాక వాల్వు ఛాంబర్ మూత అడుగు లోతుకి పోతుంది. అసలు మ్యాప్ ఉండేది పాత లైన్‌మన్ బుర్రలో, ఆయన రిటైరైపోయి ఊరెళ్లిపోతే మ్యాప్ కూడా ఆయనతోనే వెళ్లిపోతుంది.

అందుకే జోన్ నిజంగా మూసుకుందా లేదా అని ఒక టెస్ట్ చేస్తారు. రాత్రి పూట బౌండరీ వాల్వులన్నీ మూసి, చివరికి మీటర్ ఉన్న మెయిన్ దారి కూడా మూసి, లోపల ఒక స్కవర్ వాల్వు (లైన్ కడగడానికి నీళ్లు బయటికి వదిలే వాల్వు) తెరిచి నీళ్లు బయటికి వదులుతారు. ఒక ఇంటి కుళాయికి ప్రెజర్ గేజ్ బిగించి ముల్లు చూస్తూ కూర్చుంటారు. ముల్లు మెల్లగా దిగి సున్నాకి రావాలి. చాలాసార్లు రాదు, దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోతుంది. అంటే ఎవరికీ తెలియని పైపు ఒకటి పక్క పేట నుంచి లోపలికి నీళ్లు తోస్తోంది. ఇరవై ఏళ్ల కింద ఏదో ఎండాకాలం నీళ్లు అందట్లేదని ఎవరో రాత్రికి రాత్రి వేసిన లింక్ అయ్యుంటుంది, రికార్డుల్లో ఉండదు. అది దొరికేదాకా ఆ జోన్ మీటర్ చూపించే నంబర్లన్నీ చెత్తే. ఈ టెస్ట్ చెయ్యకుండా మీటర్లు బిగించి, డాష్‌బోర్డు పెట్టి, రిబ్బన్ కట్ చేసిన ప్రాజెక్టులు ఎన్నైనా ఉంటాయి, స్క్రీన్ మీద గ్రాఫ్ మాత్రం అందంగా కదులుతూ ఉంటుంది.

మూసిన వాల్వు మూసే ఉండటం ఇంకా కష్టం. పక్క వీధికి నీళ్లు రాలేదని కార్పొరేటర్ ఫోన్ చేస్తాడు, లైన్‌మన్ వెళ్లి బౌండరీ వాల్వు రెండు చుట్లు తిప్పుతాడు, నీళ్లొస్తాయి, అందరూ హ్యాపీ, మళ్లీ మూసేవాడుండడు. పై ఆఫీసులో మాత్రం ఈ జోన్‌లో ఉన్నట్టుండి లీకేజీ పెరిగింది, పక్క జోన్‌లో తగ్గింది అని మీటింగ్ పెట్టుకుంటారు. లైన్‌మన్‌ని తిట్టి లాభం లేదు, అతను జనం ముందు నిలబడాల్సినవాడు, గ్రాఫ్ ముందు కాదు.

మీటర్ విషయంలో కూడా ఒక చిన్న మోసం ఉంది. పైపు 300 మిల్లీమీటర్లు కాబట్టి మీటర్ కూడా అంతే సైజు కొంటారు. పగలు బానే చూపిస్తుంది, కానీ మనకి కావాల్సింది రాత్రి నంబర్, అప్పుడు పారే కొద్దిపాటి నీళ్లని అంత పెద్ద మీటర్ సరిగ్గా కొలవలేకపోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఆ దగ్గర పైపుని సన్నం చేసి చిన్న మీటర్ పెడతారు.

ఇవన్నీ దాటి నిజంగా చేసి చూపించిన ఊరు ఏదంటే మొదట చెప్పాల్సింది కంబోడియా రాజధాని నాంపెన్. 1993లో అక్కడ పరిస్థితి మన ఏ ఊరికన్నా ఘోరం. 1970ల్లో దేశాన్ని ఏలిన ఖ్మేర్ రూజ్ వాళ్లు ఊరినే ఖాళీ చేయించి పోయాక మిగిలిన తుప్పు పైపులు, రోజుకి పది గంటల సప్లై, లోపలికి వదిలిన నీళ్లలో 72 శాతానికి లెక్కే లేదు. కొన్నిచోట్ల డిపార్ట్‌మెంట్ సిబ్బందే దొంగ కనెక్షన్లు అమ్ముకునేవాళ్లు. ఆ ఏడాది ఏక్ సొన్ చాన్ అనే ఇంజనీర్ డైరెక్టర్‌గా వచ్చాడు. పెద్దవాళ్ల ఇళ్లకీ మీటర్ పెట్టాల్సిందే, బిల్లు కట్టాల్సిందే అన్నాడు, ఒక జనరల్ ఇంటికి వెళ్తే తలకి తుపాకీ పెట్టారట, ఆయన వెనక్కి తగ్గలేదు. దొంగ కనెక్షన్ చూపించిన వాళ్లకి బహుమతి, దాచిన ఉద్యోగికి శిక్ష. పాత పైపులు మార్చారు. 1999 నుంచి జపాన్‌లోని కితాక్యూషు నగరం ఇంజనీర్లు వచ్చి ఊరిని బ్లాకులుగా విడగొట్టి, ఒక్కో బ్లాకుకి వెళ్లే నీళ్లని, ప్రెజర్‌ని దూరం నుంచే చూసే సిస్టమ్ పెట్టించారు, జపాన్ వాళ్లు జోన్‌ని బ్లాక్ అనే అంటారు. 72 శాతం కాస్తా 2010 నాటికి 6 శాతం దగ్గరికి దిగింది. ఆయనకి 2006లో రామన్ మెగసెసే అవార్డు, ఆ సంస్థకి 2010లో స్టాక్‌హోమ్ ఇండస్ట్రీ వాటర్ అవార్డు వచ్చాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. నాంపెన్‌లో ఇళ్లకి మీటర్లు, బిల్లులు ముందు మొదలయ్యాయి, ఆ తర్వాతే బ్లాకుల మీటర్లు. మన దగ్గర దీన్ని తిరగేసి చేస్తుంటారు.

దాంతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, మన ఊళ్లలో నీళ్లు వంతులవారీగా వస్తాయి. హైదరాబాద్‌లో చాలా ఏరియాల్లో రోజు విడిచి రోజు, కాసేపు. మిగతా టైమంతా పైపు ఖాళీ. ఖాళీ పైపులో రాత్రి రెండింటికి చూడ్డానికి ఏముంటుంది? ఈ పద్ధతికి పునాదైన రాత్రి నంబరే లేదు. పైగా ఖాళీ అయిన పైపు చిల్లుల్లోంచి బయటి మురికిని లోపలికి లాక్కుంటుంది, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి రెండు బిందెలు ఎర్రగా, వాసనగా రావడం అందుకే. అంతకుముందు పైపులో నిండిన గాలి బయటికి తోసుకొచ్చేటప్పుడు ఇంటి మీటర్ గిర్రున తిరుగుతుంది, గాలికి బిల్లు వేస్తున్నారని జనం అనేది ఊరికే కాదు, అందులో నిజముంది.

రెండోది సంపు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి ప్రతి ఇంటికీ కింద సంపు, పైన ట్యాంకు. వాడకం పగలు ఉన్నా లైన్‌లోంచి నీళ్లు లాగడం ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతుంది. రేపు ఒక జోన్‌కి 24 గంటల సప్లై ఇచ్చినా సంపులు అలాగే ఉంటే రాత్రి రెండింటికి కూడా నిండుతూనే ఉంటాయి. ఒక కుళాయి నిమిషానికి 10 లీటర్లు అనుకుంటే గంటకి 600, ఇరవై ఇళ్ల సంపులు నిండుతుంటే చాలు 12,000, పైన వేసిన లెక్కలో వెయ్యిళ్ల జోన్ మొత్తం నంబర్ అదే. ఇప్పుడు అది లీకా, సంపా? పైన చెప్పిన నూటికి ఆరుగురు, తలా పది లీటర్లు అన్న ఫార్ములా ఇక్కడ పనికిరాదు. ఇక లైన్‌కి డైరెక్ట్‌గా మోటార్ తగిలించి లాగేవాళ్ల సంగతి సరేసరి, వాళ్ల దెబ్బకి చివరి ఇంటికి ప్రెజరే మిగలదు.

దీనికి ఇంజనీర్లు చేసే తాత్కాలిక ఉపాయం ఒకటుంది. ఒక రాత్రి ఎంచుకుని, ఆ జోన్‌లో ప్రతి ఇంటి బయట ఉన్న స్టాప్‌కాక్ (ఆ ఇంటి కనెక్షన్ ఆపే చిన్న వాల్వు) మూసేసి, పైపుల్ని నీళ్లతో నింపి, ఆ ప్రెజర్ నిలబెట్టడానికి గంటకి ఎన్ని నీళ్లు తొయ్యాల్సి వస్తుందో కొలుస్తారు. ఎవరూ తీసుకోవట్లేదు కాబట్టి పోయినవన్నీ లీకులే. మనుషులు చాలామంది కావాలి, ప్రతి ఇంటికీ ముందే చెప్పాలి, స్టాప్‌కాక్ తుప్పు పట్టి తిరగకపోతే ఇంకో తలనొప్పి, కానీ వంతుల సప్లైలో నమ్మదగిన నంబర్ ఇలాగే వస్తుంది.

ఇంటి మీటర్ల సంగతి మరీ విచిత్రం. జోన్‌లోకి వచ్చిన నీళ్లని కొలిచినా, ఇళ్లలోకి పోయిన నీళ్లు తెలియకపోతే తీసివేత ఎలా చేస్తాం? హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకి 20 కిలోలీటర్లు, అంటే 20,000 లీటర్లు, ఫ్రీగా ఇచ్చే స్కీమ్ మొదలైనప్పుడు బస్తీలకి మినహాయించి మిగతావాళ్లకి పనిచేసే మీటర్ ఉండాలని షరతు పెట్టారు. రాజకీయంగా దాన్ని ఉచితం అన్నారు గానీ, మీటర్ బిగించుకోమంటే వినని జనాన్ని ఒప్పించడానికి అంతకన్నా మంచి తాయిలం లేదు. అది ఇంజనీర్ల దృష్టిలో చూస్తే బాగా పనికొచ్చే షరతే.

2021 అక్టోబర్‌లో మొదలైన అమృత్ 2.0 అనే కేంద్ర పట్టణ నీటి పథకంలో కూడా నాన్ రెవెన్యూ వాటర్‌ని 20 శాతం కిందకి తేవాలన్న టార్గెట్ పెట్టారు, 24 గంటల సప్లైని ఊరంతా ఒకేసారి కాకపోయినా కనీసం ఒక వార్డులోనో ఒక డీఎంఏలోనో మొదలుపెట్టొచ్చన్న ఆలోచన కూడా ఉంది. ఈ ఆలోచనలో పస ఉంది. హుబ్బళ్లి-ధార్వాడలో 2008 ప్రాంతంలో ఇలాగే కొన్ని జోన్లు తీసుకుని, పాత పైపుల్ని మరమ్మతు చెయ్యకుండా మొత్తం కొత్తవి వేసి, అన్ని ఇళ్లకీ మీటర్లు పెట్టి 24 గంటలు ఇచ్చారు. ఆ జోన్లలోనూ, పాత పద్ధతి జోన్లలోనూ కుళాయి నీళ్లు పట్టుకుని రీసెర్చర్లు టెస్ట్ చేస్తే సూక్ష్మక్రిముల విషయంలో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా కనపడింది. అయితే మిగతా ఊరికి అది పాకడానికి ఏళ్లకి ఏళ్లు పట్టింది, పైలట్ జోన్ పక్కనే ఉన్నవాళ్లు గోడ అవతలి నీళ్లని చూస్తూ కూర్చున్నారు. పూరీ మాత్రం ఊరు మొత్తాన్ని లాగింది. 2021 జులై 26న అక్కడ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చని ప్రకటించారు, ఇంటింటికీ తిరిగి మీటర్ రీడింగ్ తీసి, బిల్లు వసూలు చేసి, నీళ్లు టెస్ట్ చేసే జలసాథీ మహిళల్ని పెట్టారు. రథయాత్రకి మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లు బడదండ (గుడి ముందు రథాలు నడిచే పెద్ద రోడ్డు) మీద ఆ కుళాయిల్లో సీసాలు నింపుకోవడం చూసే ఉంటారు.

జోన్లు చేసేస్తే అన్నీ సర్దుకుంటాయనుకోడానికి కూడా లేదు. ఈ పద్ధతి పుట్టిన ఇంగ్లండ్‌నే చూడండి, అక్కడ దాదాపు ప్రతి పేటా ఏదో ఒక జోన్‌లోనే ఉంటుంది, అయినా ఇంగ్లండ్, వేల్స్ కలిపి రోజుకి దాదాపు 300 కోట్ల లీటర్లు కారిపోతూనే ఉన్నాయి. 1995లో కరువొచ్చి యార్క్‌షైర్‌లో ట్యాంకర్లతో నీళ్లు తోలాల్సి వచ్చాకే అక్కడి రెగ్యులేటర్ కంపెనీలకి లీకేజీ టార్గెట్లు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత కొన్నేళ్లు గట్టిగా తగ్గింది, మళ్లీ చాలా కాలం అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే మీటర్ చెప్పేది ఎక్కడ తవ్వాలో మాత్రమే, తవ్వి పాత పైపు మార్చడానికి డబ్బు కావాలి. మీటర్‌కి లీకు కట్టడం రాదు.

టెండర్లలో ఎన్ని డీఎంఏలు పూర్తయ్యాయి అని లెక్కపెట్టడం వల్ల కూడా కొంత నష్టం జరుగుతోంది. కాంట్రాక్టర్‌కి డబ్బులొచ్చేది ఛాంబర్ కట్టి మీటర్ బిగించినందుకు, గేజ్ ముల్లు సున్నాకి దిగినందుకు కాదు. బిల్లు పాస్ చెయ్యడానికి ఆ సున్నా టెస్ట్ ఒక షరతుగా, ఆ తర్వాత ఆర్నెల్లకి మళ్లీ అదే టెస్ట్ ఇంకో షరతుగా పెడితే సగం జోన్లు మొదటిసారి ఫెయిల్ అవుతాయి, అవ్వనివ్వాలి కూడా, ఎందుకంటే ఆ ఫెయిలయ్యే రాత్రే పాత లింకులు, రోడ్డు కింద పూడిపోయిన వాల్వులు ఒక్కొక్కటీ బయటపడేది.